పావు తిప్పు

గిటార్ కొన్న రోజు రాత్రి నాన్న నన్ను ఏదైనా వాయించమని అడగలేదు. భోజనాలయ్యాక టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, గిటార్‌ని దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, తన టూల్‌బాక్స్‌లోంచి మైక్రోమీటర్ తెచ్చి తీగలు ఒక్కోటీ కొలిచాడు. అన్నిటికంటే సన్నది 0.30 మిల్లీమీటర్లు, అన్నిటికంటే లావుది 1.35. కొట్టువాళ్ళిచ్చిన రసీదు వెనకాల ఆరు అంకెలూ వరసగా రాసి కింద తారీఖు వేశాడు. ఆ రసీదు ఇప్పటికీ నా గిటార్ పెట్టెలోనే ఉంది. సిరా వెలిసిపోయింది గానీ అంకెలు కనిపిస్తాయి.

అది 1996. మాది విశాఖ ఉక్కునగరం, నాన్న స్టీల్ ప్లాంట్ రోలింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టరు. మా పక్క వీధిలో ఉండే ఒక అన్నయ్య చర్చిలో గిటార్ వాయించేవాడు. డిసెంబర్ రాత్రుళ్ళు వాళ్ళు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వచ్చేవాళ్ళు, వాళ్ళు వెళ్ళిపోయాక కూడా నేను గేటు పట్టుకుని నిలబడే ఉండేవాణ్ణి. పదో తరగతిలో ఫస్ట్ క్లాసు వస్తే కొనిస్తానన్నాడు నాన్న. వచ్చింది. దాచిన డబ్బుల్లోంచి రెండు వేలు తీసి, జగదాంబ దగ్గర ఒక కొట్లో కలకత్తాలో చేసిన గిటార్ కొన్నాం. పై పలక ప్లైవుడ్డే, పాలిష్ కూడా అక్కడక్కడా ఒలికినట్టు ఉండేది. నాకు మాత్రం అంత అందమైన వస్తువు మా ఇంట్లోకి అంతకుముందు రాలేదు.

నాన్నకి సంగీతం రాదు. ఒక్క పాట కూడా పూర్తిగా పాడగా నేను వినలేదు. ఆయనకి తెలిసింది వస్తువుని చూసుకోవడం. షిఫ్ట్ నుంచి వచ్చాక సైకిల్ చెయిన్ తుడిచి గానీ టీ తాగని మనిషి. గిటార్ నాకు పాటల వస్తువైతే ఆయనకి అది బరువు మోస్తున్న వస్తువు. ఆ మాట ఎందుకంటున్నానంటే, చర్చి అన్నయ్య బంధువులెవరో గల్ఫ్ నుంచి తెచ్చిన తీగల పాకెట్ ఒకటి మాకిచ్చాడు, దాని వెనక ఏ తీగ ఎన్ని పౌన్ల బిగువుతో ఉంటుందో అచ్చేసి ఉంది. నాన్న ఆరూ కూడి కిలోల్లోకి మార్చాడు. డెబ్బై కిలోలు దాటింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తీగల కింది కొసలు పట్టి ఉంచే చెక్క, బ్రిడ్జి అంటారే, దాని మీద వేలు పెట్టి, "ఒక పెద్దమనిషి రాత్రీ పగలూ ఇక్కడ వేలాడుతున్నట్టురా ఇది. ఈ చిన్న చెక్క మోస్తోంది. మనం చూసుకోవాలి కదా" అన్నాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో గిటార్‌కి కొన్ని పద్ధతులు వచ్చాయి. వాయించే ముందు సబ్బుతో చేతులు కడగాలి. వాయించాక తుడవాలి. తుడవడమంటే పైపైన ఒకసారి గుడ్డ లాగడం కాదు. పాత బనీను ముక్కని తీగల కిందికి దూర్చి, ఒక్కో తీగనీ కింద నుంచీ పై నుంచీ పట్టుకుని మెడ పొడుగునా లాగాలి. చేతి చెమట తీగ అడుగున కూడా పడుతుంది, పైపైన తుడిస్తే అక్కడ తుప్పు మొదలవుతుంది. మాకు సముద్రం ఎంతో దూరం కాదు, అప్పికొండ వైపు నుంచి వచ్చే గాలికి కిటికీ ఊచలే రంగు నిలవకుండా పొక్కులొచ్చేవి, ఇక ఇనుప తీగల సంగతి చెప్పాలా. తుడవకుండా పడుకున్న రాత్రి, పొద్దున్నే నాన్న ఏమీ తిట్టకుండా బనీను ముక్క తెచ్చి నా పుస్తకాల మీద పెట్టేవాడు. వేలికి ఎర్రటి తుప్పు గీత అంటుకునేసరికి నాకే సిగ్గనిపించేది. తిడితే కొద్దిరోజుల్లో మర్చిపోయేవాణ్ణేమో, ఆ బనీను ముక్క మాత్రం ఇవాళ్టికీ నా చేత తుడిపిస్తోంది.

తీగలు మార్చే రోజు ఆదివారమే. బిగువు మీదున్న తీగని కత్తిరించకూడదు, ముందు బిరడా తిప్పి వదులు చెయ్యాలి. కొత్త తీగని బిరడాకి రెండు మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటి పడేలా చుట్టాలి. చుట్లు ఒకదాని మీదకి ఒకటి ఎక్కితే శ్రుతి నిలవదు. తీశాక పాత సన్న తీగలు అమ్మ తీసుకునేది, గ్యాస్ పొయ్యి బర్నర్ రంధ్రాలు పొడవడానికి అంతకంటే మంచి పుల్ల దొరకదని.

తీగలు లేని గిటార్ మెడ చూస్తే పని చెయ్యాలనిపించేది నాన్నకి. మెడ మీద అడ్డంగా వరసగా ఉండే లోహపు మెట్లకి మధ్య చెక్క మీద నల్లటి జిడ్డు పేరుకునేది. నా చేతి మురికే అది. దాన్ని పాత ఏటీఎం కార్డు లాంటిదేదైనా పెట్టి మెల్లగా గీకొచ్చు, అప్పట్లో మా ఇంట్లో ఏటీఎం కార్డు లేదు, నాన్న ప్లాస్టిక్ స్కేలు విరిచి అంచు నున్నగా రుద్దుకున్నాడు. లోహపు మెట్లకి ఆయన కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. ఇంట్లో పెళ్ళి శుభలేఖలు కట్టలుగా ఉండేవి కదా, అందులో ఒక గట్టి అట్ట తీసి, సరిగ్గా మెట్టు వెడల్పుకి సన్నటి చీలిక కోసేవాడు. ఆ చీలికలోంచి మెట్టు ఒక్కటే పైకి కనిపిస్తుంది, చుట్టూ చెక్క అట్ట కింద భద్రం. అప్పుడు బ్రాస్సో చుక్క గుడ్డకి అద్ది రుద్దితే నల్లబడ్డ మెట్టు వెండిలా తేలేది. ఇరవై మెట్లు, ఒక్కోటీ అలాగే. మధ్యలో నాకు విసుగొచ్చి లేచేవాణ్ణి, ఆయన లేవడు. పసుపు రంగు శుభలేఖ, పైన వినాయకుడు, వినాయకుడి పొట్ట దగ్గర మెరుస్తున్న మెట్టు.

చివర్లో చెక్కకి నూనె. అమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చింది ఒకసారి. నాన్న వద్దన్నాడు, తినే నూనెలు కొన్నాళ్ళకి జిగురెక్కి కంపు కొడతాయని. కుట్టుమిషన్ నూనె, అదీ రెండు చుక్కలే గుడ్డకి అద్ది, మెడ చెక్కంతా ఒకసారి రాసి అయిదు నిమిషాలాగి తుడిచేసేవాడు. ఏడాదికి ఒకసారి, రెండుసార్లు. పాలిపోయిన చెక్క తడిసిన మట్టి రంగుకి వచ్చేది. ఇది పాలిష్ లేని రోజ్‌వుడ్ చెక్కకే లెండి, మనం ఇరుగుడు అంటామే అది. మెరిసే వార్నిష్ ఉన్న లేతరంగు మేపుల్ మెడలుంటాయి, వాటికి నూనె అక్కర్లేదు, తడి గుడ్డ చాలు.

వానాకాలం వస్తే ఇంకో పని. చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, గిటార్ గొంతు మూసుకుపోయినట్టవుతుంది. నాన్న ఎక్కడో ల్యాబ్ సామాన్ల కొట్లో నీలం రంగు సిలికా జెల్ కొని, పల్చటి గుడ్డలో మూటకట్టి గిటార్ పెట్టెలో పడేసేవాడు. తేమ పట్టిందంటే ఆ గుళికలు గులాబీ రంగుకి తిరుగుతాయి. అప్పుడు పెరట్లో బొగ్గుల మీద పాత మూకుట్లో సన్నసెగన వేపితే మళ్ళీ నీలం. ఆ రంగుకి వాడే మందు మంచిది కాదని ఆయనకి తెలుసు, అందుకే ఆ మూకుడు వంటింటి గడప తొక్కకూడదని గట్టి నియమం. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నాన్న బనీనుతో పెరట్లో కూచుని గుళికలు కలుపుతూ ఉండేవాడు, వాన వెలిసిన మట్టి వాసన, మూకుట్లో ఒక్కొక్క గుళికా రంగు మారడం. నాకూ కాసేపు గరిటె ఇమ్మని అడిగేవాణ్ణి.

ఇంటర్ రెండో ఏడాది అనుకుంటా, తీగలు మెడకి బాగా ఎత్తుగా లేచిపోయాయి. నొక్కితే వేళ్ళ మీద గాట్లు పడేవి. చర్చి అన్నయ్య వచ్చి గిటార్‌ని ఒక కంటితో తుపాకి గురిపెట్టినట్టు చూసి, మెడ విల్లులా వంగిందన్నాడు, లోపల కడ్డీ ఉంటుంది బిగించాలన్నాడు. కడ్డీ అనేసరికి నాన్న లేచి కూచున్నాడు. టార్చ్ వేసి గిటార్ రంధ్రంలోకి చూస్తే, మెడ మొదట్లో ఆరు పలకల గుంట ఉన్న నట్టు కనిపించింది. ఇన్ని నెలలూ ఆ గిటార్‌లో తన భాష మాట్లాడే భాగం ఒకటి ఉందని ఆయనకి తెలీదు. ఆ మొహం నేనెప్పటికీ మర్చిపోను.

ఎలా చూడాలో అన్నయ్య చెప్పాడు, ఎలా కొలవాలో నాన్న ఆలోచించాడు. లావు తీగని మొదటి మెట్టు దగ్గరా, మెడ ఒంట్లో కలిసే పద్నాలుగో మెట్టు దగ్గరా నొక్కి పట్టుకుంటే తీగ తిన్నటి స్కేలైపోతుంది. అప్పుడు ఏడో మెట్టు పైన తీగకీ మెట్టుకీ ఎంత సందుందో అదే మెడ వంపు. నేను రెండు చేతులతో నొక్కిపట్టాను. నాన్న ఫీలర్ గేజ్ తీశాడు. విసనకర్రలా విచ్చుకునే సన్నటి ఉక్కు రేకులు, ఒక్కో రేకు మీద దాని మందం చెక్కి ఉంటుంది. మిల్లులో బేరింగుల సందు చూసే గేజ్ అది. ఒక్కో రేకూ తీగ కింద పెట్టి చూస్తూ, ఊపిరి బిగబట్టి, 0.60 దగ్గర ఆగాడు. తీగని తాకుతూ తాకకుండా రేకు జారింది. ఉండాల్సింది 0.20, 0.25 ఆ చుట్టుపక్కల.

తీగలు కాస్త వదులు చేసి, ఎలన్ కీ లోపల పెట్టి కుడివైపు పావు చుట్టు తిప్పాడు. అంతే. నాకు ఆత్రం, ఇంకొంచెం తిప్పు నాన్నా, ఎంతో మిగిలిపోయింది అన్నాను.

"పావు తిప్పు చాలు ఇవాళ్టికి. ఇనుము చెప్పగానే వింటుంది, కర్రకి ఓ రాత్రి టైమివ్వాలి. తొందరపడితే కడ్డీ తెగుతుంది, లేకపోతే మెడ పగులుతుంది."

మర్నాడు మళ్ళీ శ్రుతి చేసి కొలిచి పావు, ఆ మర్నాడు ఇంకో పావు. నాలుగో రోజుకి 0.25కి వచ్చింది. అన్ని రోజులూ ఆయన సి షిఫ్ట్, రాత్రంతా మిల్లులో ఉండి పొద్దున్న వచ్చేవాడు, స్నానానికి ముందు కొలిచేవాడు.

బ్రిడ్జిలో తీగలు ఆనే తెల్లటి పుల్ల వంకరగా ఉందని కూడా అప్పుడే ఆయనకి అనుమానమొచ్చింది. స్కేలు పెట్టి చూస్తే లావు తీగ వైపు రెండు మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. చేసినవాళ్ళు తప్పు చేశారనుకున్నాడు. తప్పు కాదు, లావు తీగ నొక్కితే శ్రుతి ఎక్కువ పైకి పోతుంది, అందుకని దాని పొడవు కాస్త పెంచుతారని అన్నయ్య చెబితే, పన్నెండో మెట్టు దగ్గర వేలు తీగకి ఊరికే తాకించి ఒకసారీ, నొక్కి ఒకసారీ నాచేత మీటించి విన్నాడు. రెండూ ఒకేలా ఉన్నాయా అని నన్నడిగాడు. ఉన్నాయన్నాను. తల ఊపి స్కేలు లోపల పెట్టేశాడు. తన కొలత కన్నా నా చెవి మాట నమ్మడం అదే మొదలు.

ఇంజనీరింగ్‌కి విజయవాడ వెళ్ళాను. తప్పు చేసింది అప్పుడే. మే నెల, సెలవులు అయిపోయి బస్సులో వెళ్తున్నాను, లోపల చోటు లేదంటే గిటార్‌ని బస్సు టాపు మీద వేయించాను. తీగలు వదులు చెయ్యలేదు. విశాఖ నుంచి విజయవాడ దాకా పగటి ఎండంతా తిన్నది అది. హాస్టల్లో పెట్టె తెరిస్తే బ్రిడ్జి వెనక అంచు పలక నుంచి లేచి ఉంది, సందులో కాగితం దూరేటంత. ఎండకి బంక మెత్తబడి, ఆ డెబ్బై కిలోల బిగువు దాన్ని పెకిలించేసింది. భయంతో నాన్నకి చెప్పకుండా ఊళ్ళో ఒక రిపేరు కొట్టుకి తీసుకెళ్ళాను. అతను క్షణంలో అతికే బంకేదో సందులో పోసి వంద తీసుకున్నాడు. నెలకి మళ్ళీ లేచింది, ఈసారి పలక పై పొర చీలికతో సహా.

దసరాకి ఇంటికెళ్ళి చూపించాను. నాన్న చాలాసేపు గోటితో ఆ చీలిక తడిమాడు. తిట్టలేదు. ప్లాంట్‌లో ఆయన స్నేహితుడిది బొబ్బిలి. ఆ పక్కనే గొల్లపల్లిలో వీణలు చేస్తారు కదా, అక్కడికి తీసుకెళ్దామన్నాడు. ఇద్దరం పొద్దున్నే రైలెక్కాం, గిటార్ ఈసారి నా ఒళ్ళో ఉంది.

గొల్లపల్లిలో మేం వెళ్ళిన ఇంటి వసారా నిండా పసుప్పచ్చటి పనస పేళ్ళు. పనసకర్ర కోసినప్పుడు పసుపుగా ఉండి ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగు తిరుగుతుంది, అందుకని ఆ వసారాలో వీణల వయసు రంగుని బట్టే తెలుస్తోంది. అక్కడి పెద్దాయన గిటార్‌ని చేతుల్లోకి తీసుకుని ముందు పలక మీద నాలుగు చోట్ల వేలి కణుపుతో తట్టి విన్నాడు. తర్వాత బ్రిడ్జి చూసి, "ఈ గుర్రానికి ఎవరండీ ఈ బంక పోసింది?" అన్నాడు. వీణకి గుర్రం అంటారు దాన్ని. పల్చటి కత్తిని వేడిచేసి కొంచెం కొంచెంగా దూరుస్తూ, పొర ఇంకా లేవకుండా బ్రిడ్జి ఊడదీయడానికే ఆయనకి పూట పట్టింది. పాత బంకంతా గీకి, పశువుల తోలు నుంచి తీసే వజ్రం బంక వెచ్చగా కాచి రాసి, చెక్క ముక్కలు ఆసరా పెట్టి బిగించాడు. నాన్న ఉండబట్టలేక అడిగాడు, ఎండకి వదలని గట్టి బంకలున్నాయి కదండీ, అదెయ్యొచ్చు కదా అని. "రేపు మళ్ళీ విప్పాల్సొస్తే వదిలే బంక ఉండాలి బాబూ. వదలని బంక కర్రని తీసుకుపోద్ది" అన్నాడాయన. చీలిన పొరని చూపించి మరీ చెప్పాడు.

బంక ఆరేలోపు పక్కన ఇంకొకాయన వీణకి మెట్లు వేస్తుంటే చూస్తూ కూచున్నాం. నల్లటి మైనం మీద ఇరవై నాలుగు మెట్లు. ఒక మెట్టు మైనంలో ఆనించడం, తీగ మీటడం, చెవి ఒగ్గి వినడం, వెంట్రుకవాసి జరపడం, మళ్ళీ మీటడం. స్కేలు లేదు, గేజ్ లేదు. నాన్న ఆయన పక్కనే గొంతుక్కూచుని కదల్లేదు. జేబులో ఉన్న టేపు మీద చెయ్యి వేసి ఉంచాడు గానీ బయటికి తియ్యలేదు. తిరుగు రైల్లో చీకటి పడ్డాక ఒక్కసారి మాత్రం అన్నాడు, "చెవితోనే, చూశావా" అని.

ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చినప్పుడు గిటార్‌ని ఇంట్లోనే వదిలేశాను. రూములు మారడం, రాత్రి డ్యూటీలు, వాయించే తీరికే లేదు. మూడు నెలలకో నాలుగు నెలలకో ఇంటికెళ్తే పెట్టెలో గుళికలు నీలంగా ఉండేవి, తీగలకి తుప్పుండేది కాదు. ఎవరూ వాయించని గిటార్‌ని అన్నేళ్ళూ ఆయన తుడిచాడు.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. టీవీలో విశాఖ బొమ్మలు చూస్తూ ఫోన్ చేస్తూనే ఉన్నాను, కలవలేదు. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి, టవర్లు పడిపోయాయి, కరెంటు లేదు. మూడో రోజు ఎవరి ఫోన్ నుంచో నాన్న చేశాడు. అమ్మ బాగుంది, కిటికీ అద్దాలు పగిలాయి, వీధిలో చెట్టు ఒక్కటి లేదు అని చెప్పి, లైన్ కట్టయ్యేలోపు గబగబా, "గిటార్ తడవలేదురా" అన్నాడు. నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. తర్వాత అమ్మ చెప్పింది, ఆ తెల్లవారుజామున గాలి మొదలవకముందే ఆరు తీగలూ వదులు చేసి, పెట్టెలో పెట్టి, టార్పాలిన్ చుట్టి, రెండు పరుపుల మధ్య పడుకోబెట్టాడట. ఇంట్లోకి నీళ్ళొచ్చాయి, కింది పరుపు తడిసింది, టార్పాలిన్ లోపల చుక్క లేదు.

2015లో ఆయన రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి గాజువాక వెళ్ళారు, అప్పుడు గిటార్ నాతో వచ్చేసింది. హైదరాబాద్‌లో బాధ వేరు. ఎండాకాలం గాలిలో తేమే ఉండదు, చెక్క ఎండి కుంచించుకుపోతుంది. మెడ పక్కన చెయ్యి జారిస్తే మెట్ల చివర్లు గీసుకోవడం మొదలెట్టాయి, ఫోన్‌లో చెప్పాను. విశాఖలో తేమ తియ్యడానికి మూకుట్లో గుళికలు వేపిన మనిషి, ఇప్పుడు తేమ పెట్టడానికి సబ్బుపెట్టెకి వేడి సూదితో చిల్లులు పొడవమన్నాడు. అందులో తడిపి పిండిన స్పాంజి, చుక్క కారకూడదు, గిటార్ పెట్టెలో మెడ పక్కన. తేమ మీటర్ ఒకటి మంచిదే కొనుక్కోమన్నాడు, ముల్లు 45 శాతానికీ 55 శాతానికీ మధ్య ఉండేలా చూసుకోమన్నాడు. మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండుసార్లు స్పాంజి తడుపుతాను. మెట్లు మళ్ళీ గీసుకోలేదు.

మొన్న సంక్రాంతికి గిటార్ తీసుకుని వెళ్ళాను. నాన్నకి డెబ్బై దాటాయి, కంటి ఆపరేషన్ అయింది, చేతులు వణుకుతున్నాయి. పెట్టె చూడగానే దుప్పటి తెమ్మన్నాడు. నేను మొదటి మెట్టు దగ్గర, పద్నాలుగో మెట్టు దగ్గర నొక్కి పట్టుకున్నాను. ఆయన ఫీలర్ గేజ్ విప్పి రేకు తీగ కింద పెట్టబోయాడు, వణుకుకి రేకు తీగకి తగిలి గిటార్ సన్నగా మోగింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ మోగింది. అప్పుడు గేజ్ నా చేతికిచ్చి, నేను నొక్కిన చోట తన వేళ్ళు పెట్టాడు.

"ఎంత?"

"పాయింట్ త్రీ ఫైవ్."

"ఎప్పుడొచ్చావు, నిన్న రాత్రి కదూ. ఇవాళ ముట్టుకోకు. రెండ్రోజులు ఈ గాలి పట్టనీ."

కనుమ నాడు పొద్దున్న మళ్ళీ కొలిచాం. 0.35 దగ్గరే ఉంది. ఎలన్ కీ లోపల పెట్టాను, నాన్న నా చేతి మీద చెయ్యి వేశాడు. తిప్పాను. పావు దగ్గర ఆ చెయ్యి బరువుగా ఆగింది, నేనూ ఆగాను. మర్నాటికి 0.22. పెట్టెలోంచి పాత రసీదు తియ్యమన్నాడు, వెనక 1996 అంకెల కింద కొంచెం ఖాళీ ఉంది. అంకె నన్నే రాయమన్నాడు. పెన్ను తీసుకుని కింద తారీఖు మాత్రం తను వేశాడు.